తాళం వేసిన ఇంటిలోని అతిథులు

టౌన్‌షిప్ నిర్వహణ విభాగంలో దాదాపు ముప్పై సంవత్సరాలు పనిచేసిన నాకు మనుషుల పేర్లకంటే క్వార్టర్ల నంబర్లే ఎక్కువ జ్ఞాపకం. ఏ ఇంటి కప్పు ఏ మూల కారేదో, ఏ ఇంటి తలుపు వర్షాకాలంలో ఉబ్బి మూతపడేది కాదో ఇప్పటికీ చెప్పగలను. అయితే ఈ వ్యాసానికి కారణమైన క్వార్టరు కారేదీ కాదు, తలుపు ఉబ్బేదీ కాదు. నాలుగు నెలలపాటు తాళం వేసి ఉండటమే దాని దోషం.

అది 1994 సెప్టెంబరు ఆఖరి వారం. అప్పుడు నేను మధ్య భారతంలోని ఒక విద్యుత్ ప్రాజెక్టులో ఉన్నాను. బదిలీ మీద వచ్చిన ఒక ఇంజనీరు గారు భార్యాబిడ్డలతో ఒక సాయంకాలం ఆ ఇంటిలో దిగారు. మరునాడు ఉదయం నేను కుర్చీలో కూర్చుని కూర్చోకముందే వచ్చి, ఏమీ మాట్లాడకుండా, కాగితం సంచిలో నుండి తన కుమారుని తెల్లని మేజోళ్లు తీసి నా బల్లమీద పరిచారు. వాటిమీద మిరియాల పొడి చల్లినట్లు నల్లని చుక్కలు. చూస్తుండగానే ఒక చుక్క లేచి ఫైళ్ల కట్ట అవతల పడింది.

"పిల్లవాడికి మోకాళ్ల దాకా దద్దుర్లండీ. ఇల్లు కడిగించి ఇచ్చామన్నారు కదా!" అన్నారాయన.

కడిగించినట్లు రిజిస్టరులో ఉన్నది. రిజిస్టరులో ఉన్నదంతా ఇంటిలో జరిగి ఉండనవసరం లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మన తెలుగులో పేనుకు, ఈపికి, నల్లికి, పిడుదుకు, జోరీగకు వేరువేరు పేర్లున్నాయి. ఈ గెంతే పురుగును మా ఇంట కుక్కపురుగు అనేవారు. శాస్త్రజ్ఞులు ఫ్లీ అంటారు. నేను కూడా ఇక్కడ ఆ మాటనే వాడుతున్నాను. ఎందుకంటే కుక్కపురుగు అన్న పేరులోనే ఒక తప్పుదారి ఉన్నది. కుక్కను తరిమితే పురుగు పోతుందని ఆ పేరు మనల్ని నమ్మిస్తుంది. ఆ ఇంటి వెనుక వరండా జాలీ తలుపు విరిగి ఉండటం వలన వానాకాలం మొదట్లో ఒక వీధికుక్క లోపల దూరి పిల్లలు పెట్టింది. ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయగా పిల్లలతో సహా దానిని తరిమించి, తలుపు బాగు చేయించి, తాళం వేయించినవాడిని నేనే. ఆ ఫిర్యాదు పరిష్కరించబడినదని నా చేతితోనే రాశాను.

మామూలు రోజులలో అయితే ఈ మేజోళ్ల సంగతి ఒక నవ్వుతోనో ఒక క్షమాపణతోనో ముగిసిపోయేది. కానీ ఆ వారం మామూలు వారం కాదు. సూరత్‌లో ప్లేగు ప్రబలినదన్న వార్త వెలువడి కొద్ది రోజులే అయింది. లక్షలాది జనం దొరికిన రైలెక్కి ఆ నగరం విడిచిపోయారు. ఎక్కడో వేయి కిలోమీటర్ల దూరాన ఉన్న మా మందుల దుకాణంలో సైతం టెట్రాసైక్లిన్ మాత్రలు అయిపోయాయి. జనం ముక్కులకు రుమాళ్లు కట్టుకుని కూరగాయల సంతకు వచ్చారు. అంతకు నెల రోజుల ముందే మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గజ్జలలో బిళ్లలు కట్టే రకం ప్లేగు కనిపించింది. అక్కడివారు మొదట ఫిర్యాదు చేసినది జ్వరం గురించి కాదు, ఇళ్లలో ఫ్లీల బాధ గురించి. 1993 సెప్టెంబరు 30న వచ్చిన లాతూరు భూకంపం తరువాత ఆ ప్రాంతంలో చాలామంది ఇళ్లు వదిలిపెట్టారనీ, ఆ ఇళ్లలో నిలవ ఉన్న ధాన్యం తిని ఎలుకలు పెరిగాయనీ, ఎలుకలతోపాటు వాటి ఫ్లీలు పెరిగాయనీ అప్పటి పరిశీలకులు భావించారు. మూసిన ఇల్లు ఖాళీ ఇల్లు కాదన్నమాట. ఈ సంగతి నేను తరువాత చదువుకున్నాను. ముందు చదివి ఉంటే ఆ రోజు చేసిన పని చేసి ఉండేవాడిని కాదు.

ఆ రోజు నేను చేసినదేమంటే, మధ్యాహ్నానికల్లా ఒక ఉత్తర్వు రాసి, సహకార భాండారు గోదాములోను, దాని వెనుక మురుగు కాలువల వెంటను ఎలుకల మందు పెట్టించాను. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన పిండి ఉండలు. తెల్లవారేసరికి డెబ్బైకి పైగా ఎలుకలు చచ్చి పడ్డాయి. పారిశుద్ధ్య విభాగంలో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు వాటిని తోకలు పట్టి ఎత్తి, బుట్టలో వేసి, తలమీద పెట్టుకుని తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. చేతితొడుగులు స్టోర్స్‌లో ఉన్నాయి. ఇండెంటు రాస్తే ఇచ్చేవారు. నేను రాయలేదు. పై అధికారి నా చురుకుదనాన్ని మెచ్చుకుని టీ తెప్పించారు.

ఆ టీ పూర్తి కాకముందే ఆసుపత్రి నుండి ముఖ్య వైద్యులు ఫోను చేశారు.

"ముందు పొడి చల్లించారా, ముందు ఎలుకల మందు పెట్టించారా?"

"ఎలుకల మందేనండీ. పొడి ఇంకా రావలసి ఉన్నది."

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "ఎలుక చచ్చి చల్లబడితే దానిమీది ఫ్లీ ఏం చేస్తుందనుకున్నారు?" అన్నారు.

నేనేమీ అనుకోలేదు. ఎలుకతోపాటు చస్తుందని కూడా అనుకోలేదు. అసలు దాని సంగతే నా ఆలోచనలో లేదు. డాక్టరు గారు కోప్పడకుండా వివరించారు. ఫ్లీకి కావలసినది వెచ్చని రక్తం. ఎలుక ఒళ్లు చల్లబడగానే అది దిగిపోతుంది. దగ్గరలో మరొక ఎలుక ఉంటే దానిమీదికి దూకుతుంది, లేకపోతే మనిషి మీదికి. అందుకే ప్లేగు అనుమానమున్న చోట ముందు ఫ్లీలను చంపాలి, ఆ తరువాతనే ఎలుకల జోలికి పోవాలి. "మీరు డెబ్బై ఇళ్లు ఒక్కరాత్రిలో కూల్చారు. కాపురముండేవాళ్లు ఎక్కడికి పోతారు?" అన్నారు. చివరకు, "మన ఎలుకలలో రోగం లేకపోవచ్చు. లేదనే నమ్ముతున్నాను. ఒక వారం చూద్దాం. ఎవరికి జ్వరం వచ్చినా నాకు వెంటనే తెలియాలి," అని ఫోను పెట్టేశారు.

ఆ వారం నాకు నిద్ర లేదు. దానికి డాక్టరు గారి మాటలు ఒక కారణమైతే, మా అవ్వ చెప్పిన కథ మరొక కారణం.

మాది బళ్లారి సరిహద్దులోని ఒక పల్లె. మా అవ్వ చిన్నతనంలో ఆ వైపు ప్లేగు తరచు వచ్చేదట. దూలాల మీది నుండి ఎలుకలు పడటం మొదలుపెడితే ఊరు ఊరంతా ఇళ్లకు గొళ్లేలు వేసి, పొలాలలో జొన్నదంటు గుడిసెలు వేసుకుని నెలల తరబడి అక్కడే ఉండేవారు. "ఎలక పడిందంటే ఇల్లు ఇడిసేయాల్సిందే నాయనా, అది మనకు చెప్పి పోతాది," అనేది అవ్వ. ఎలుక చెబుతుందని తెలుసు గాని, దానిమీది పురుగు మోస్తుందని వారికి తెలియదు. అట్లా ఊరు విడిచిన ఒక ఏడు, గుడిసెకు వచ్చిన తరువాత మజ్జిగ చిలికే కవ్వం ఇంటిలోనే మరచి వచ్చినట్లు మా ముత్తవ్వకు గుర్తు వచ్చింది. ఎనిమిదేండ్ల పిల్లను, మా అవ్వ చెల్లెలిని, పరుగెత్తిపోయి తెమ్మని పంపింది. పిల్ల పోయింది, గొళ్లెం తీసింది, కవ్వం తెచ్చింది. అయిదవనాడు గజ్జలో బిళ్ల కట్టింది. ఏడవనాటికి పిల్ల లేదు. ఆ కవ్వాన్ని ముత్తవ్వ మరల వాడలేదట, పారవేయనూ లేదట. నా చిన్నతనంలో అది అటక మీద ఉండేది.

ఆ కథ విన్నప్పుడు పిల్లను తలచుకుని బాధపడేవాడిని. 1994లో మాత్రం నాకు పంపినవారే గుర్తుకు వచ్చారు.

ఈ సంగతి మనిషికి తెలియడానికి పట్టిన కాలాన్ని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్లేగును కలిగించే సూక్ష్మజీవిని 1894లో హాంగ్‌కాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొన్నాడు. 1896లో ఆ తెగులు బొంబాయిలో దిగింది. అది ఎలుకలో ఉన్నదని తెలుసు, మనిషిలో ఉన్నదని తెలుసు. ఒకదాని నుండి మరొకదానికి ఎట్లా చేరుతున్నదో తెలియదు. తెలియకపోయినా అధికారులు ఊరుకోలేదు. గోడలకు సున్నం కొట్టించారు, కార్బాలిక్ ద్రావణం పోయించారు, నేలలు తవ్వించారు, సామానులు తగులబెట్టించారు. పుణేలో సైనికులు ఇళ్లలో దూరి చేసిన సోదాలు ఎంతటి ఆగ్రహాన్ని రేపాయో, 1897 జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు జరిపిన కాల్పులే చెబుతాయి. ఇన్ని ఉత్తర్వుల నడుమ అసలు దోషి నిశ్చింతగా నేలబీటలలో కూర్చుని ఉన్నది.

దానిని పట్టుకున్నవాడు పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు. 1898 జూన్‌లో కరాచీలో ఆయన ఒక గాజు జాడీలో ప్లేగు సోకిన ఎలుకను ఉంచాడు. దానిమీద ఫ్లీలు పుష్కలంగా ఉండేటట్లు చూసుకున్నాడు. అది చావుకు దగ్గర పడుతుండగా, ఆరోగ్యంగా ఉన్న మరొక ఎలుకను చిన్న పంజరంలో పెట్టి అదే జాడీలోకి దించాడు. ఎలుక మరొక ఎలుకను తాకలేదు, కానీ పంజరపు సందులలో నుండి ఫ్లీ మాత్రం దూకగలదు. కొద్ది రోజులకు ఆ రెండవ ఎలుకా ప్లేగుతో చచ్చింది. ఇంత చక్కని ప్రయోగాన్ని చాలాకాలం ఎవరూ నమ్మలేదు. గ్లెన్ లిస్టన్ బొంబాయిలో చేసిన పరిశీలనలు, 1905లో పని ప్రారంభించిన ప్లేగు కమిషన్ వారు పరేల్‌లో చేసిన ప్రయోగాలు వచ్చాకనే సందేహం తీరింది. నేలకు దగ్గరగా ఉంచిన జంతువుకు తెగులు సోకింది. ఫ్లీ ఎగరలేనంత ఎత్తున వ్రేలాడదీసిన జంతువుకు సోకలేదు.

ఫ్లీ ఆ రోగాన్ని ఎట్లా ఎక్కిస్తుందో 1914లో బేకట్, మార్టిన్ అనే ఇద్దరు వివరించారు. ప్లేగు క్రిములు ఫ్లీ గొంతుక దిగువన పెరిగి బిరడా వలె అడ్డుపడతాయి. ఎంత పీల్చినా రక్తం కడుపులోకి దిగదు. ఆకలితో అది కుట్టినచోటనే మరల మరల కుడుతుంది. పీల్చిన రక్తం అడ్డుకు తగిలి, క్రిములతో కలిసి గాయంలోకే వెనక్కి పోతుంది. చివరకు ఆ ఫ్లీ కూడా ఆకలితోనే చస్తుంది. మన ఎలుకల మీద ప్రధానంగా ఉండే ఈ జాతికి 1903లో పేరు పెట్టినవాడు చార్ల్స్ రోత్స్‌చైల్డ్. పేరుమోసిన బ్యాంకర్ల కుటుంబంలో పుట్టి ఫ్లీలను సేకరించినవాడు. పిరమిడ్ కట్టించిన ఫరో కియోప్స్ పేరును దానికి తగిలించాడు. ఆయన కుమార్తె మిరియం రోత్స్‌చైల్డ్ కూడా జీవితంలో పెద్ద భాగం ఫ్లీలకే అంకితం చేసింది. తల్లి కుందేలు గర్భంతో ఉన్నప్పుడు దాని రక్తంలో వచ్చే మార్పులే దానిమీది ఫ్లీల సంతానోత్పత్తికి కూడా సంకేతమవుతాయని నిరూపించినవారిలో ఆమె ముఖ్యురాలు. కుందేలుకు పిల్లలు పుట్టే వేళకు ఫ్లీలు ఆ పిల్లలమీదికి దిగి గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంటాయి.

మరల మా టౌన్‌షిప్‌కు వస్తాను. రెండవరోజుకు గమాక్సిన్ పొడి వచ్చింది (ఆ మందును తరువాత కాలంలో నిషేధించారు). గోదామంతా చల్లించాము. నేను దగ్గర నిలబడి, చేతితొడుగులు తొడిగించి, పాంట్ల అడుగులు మేజోళ్లలోకి దోపించి పని చేయించాను. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లున్నదని నాలో నేనే అనుకున్నాను. రోజూ ఉదయం ఆ కుర్రవాడు హాజరు పట్టీలో వేలిముద్ర వేసేదాకా నాకు కాఫీ దిగేది కాదు. నాలుగవరోజు అతడు రాలేదు. మేస్త్రీని అడిగితే, "జ్వరమండీ బాబూ, రాత్రి నుంచి వణికిపోతున్నాడు," అన్నాడు.

జీపులో అతని ఇంటికి పోయిన ఆ పది నిమిషాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. ఆసుపత్రిలో డాక్టరు గారు అతని గజ్జలు, చంకలు తడిమి చూస్తున్నంతసేపు నేను తెర ఇవతల నిలబడి ఉన్నాను. బిళ్లలు లేవు. రక్తపు చుక్క గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద చూశారు. మలేరియా! ఒక మనిషికి మలేరియా అని తెలిసి దేవునికి దండం పెట్టుకున్నవాడిని నేను. అతని తల్లి కూడా నాతోపాటు దండం పెట్టింది. ఎందుకు పెడుతున్నదో ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. వారం గడిచింది. మా ఎలుకలలో ప్లేగు లేదు. సూరత్‌లో మాత్రం యాభైకి పైగా ప్రాణాలు పోయాయి.

ఇక ఆ క్వార్టరు సంగతి. ఇంజనీరు గారి కుటుంబాన్ని అతిథిగృహానికి పంపి, ప్రాజెక్టు పాఠశాలలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారిని వెంటబెట్టుకుని పోయాను. తెలుగువారు, పదవీ విరమణకు దగ్గరలో ఉన్నవారు, మితభాషి. ఒక తెల్ల గుడ్డ నేలమీద పరిచి, దానిమీద పడిన వాటిని తడిదూదితో పట్టి, భూతద్దంలో చూసి, "ఇవి ఎలుకవి కావండీ, కుక్కలమీద, పిల్లులమీద ఉండే రకం. భయపడవలసినది లేదు, దురద తప్ప," అన్నారు. ఆ మధ్యాహ్నం ఆ వరండాలో ఆయన చెప్పిన పాఠం నా చదువంతటిలోనూ నాకు మిగిలిన మంచి పాఠాలలో ఒకటి.

కుక్కమీద ఉండే ఫ్లీ ఆ ఇంటి ఫ్లీలలో కొద్ది భాగమే. గుడ్లు జుట్టులో నిలవవు, రాలిపోతాయి. వాటిలో నుండి కాళ్లూ కళ్లూ లేని తెల్లని సన్నని పురుగులు పుట్టి, వెలుతురుకు దూరంగా నేలబీటలలో దాగుతాయి. ఆ పిల్లలు రక్తం పీల్చలేవు. అందుకని తల్లి తన ఆకలికి మించి రక్తం తాగి, అరగని దానిని విసర్జిస్తుంది. అది ఎండి నలకలై రాలి, కింద ఉన్న సంతానానికి గ్రాసమవుతుంది. తరువాత ఆ పిల్ల సన్నని పట్టుగూడు అల్లుకుంటుంది. దానికి దుమ్ము అంటుకుని చీపురుకు కూడా తెలియకుండా ఉండిపోతుంది. గూటిలో ఫ్లీ పూర్తిగా తయారైన తరువాత కూడా వెంటనే బయటకు రాదు. నేల అదిరేదాకా, ఒంటి వెచ్చదనమో, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువో తగిలేదాకా నెలల తరబడి కదలకుండా ఉండగలదు. ఇంజనీరు గారి కుమారుడు సామాను దిగిన ఆనందంలో గది నుండి గదికి పరుగెత్తాడు. ఆ అడుగుల చప్పుడే పిలుపు. నేను కుక్కను తరిమించాను గాని, దాని కొరకు సిద్ధమైన సంసారాన్నంతటినీ లోపల పెట్టి తాళం వేయించాను.

ఆ భూతద్దంలో చూసినదానిని ఒక ఇంజనీరుగా నేను మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. పేను, నల్లి పైనుండి అదిమినట్లు చదునుగా ఉంటాయి. ఫ్లీ మాత్రం పక్కల నుండి నొక్కినట్లు, నిలువుగా పలుచగా ఉంటుంది. వెంట్రుకల నడుమ నుండి కత్తివాదరవలె దూసుకుపోవడానికి అది తగిన ఆకారం. ఒంటిమీది ముళ్లన్నీ వెనుకకు వాలి ఉంటాయి. ముందుకు పోవడానికి అడ్డం రావు, వెనక్కి లాగితే పట్టుకుంటాయి. రెక్కలు లేవు. ఆ లోటును కాళ్లు తీరుస్తాయి. కండరం ఎంత బలమైనదైనా అంత వేగంగా ముడుచుకోలేదు. అందుకని కాలి మొదట్లో రెజిలిన్ అనే రబ్బరు వంటి పదార్థాన్ని ముందుగా నొక్కి, కొక్కెం వేసినట్లు బిగించి ఉంచుకుని, ఒక్కసారిగా విడిచిపెడుతుంది. ఇది 1960ల నాటికే తెలిసింది. అయితే నేలను తన్నేది మోకాలివంటి పైభాగంతోనా, పాదంతోనా అన్న తగవు 2011లో కేంబ్రిడ్జివారు అతివేగంగా చిత్రీకరించి చూసేదాకా తేలలేదు. పాదంతోనే!

ఆ ఇంటిని మాస్టారు చెప్పిన విధంగా మూడుసార్లు వేడినీటితో కడిగించి, బీటలు సిమెంటుతో పూడ్పించి, ఊడ్చిన దుమ్మును తగులబెట్టించాము. ప్రతిసారి నేను స్వయంగా లోపల నడిచి, నా మేజోళ్లు చూసుకుని, ఆ తరువాతనే రిజిస్టరులో సంతకం చేశాను.

కథ ఇక్కడితో ముగియవలసినది. కానీ ఆ అక్టోబరులో మరొక అర్జీ వచ్చింది. నది ఒడ్డున, పంపుహౌసు దారిలో ఒక పెద్ద మర్రిచెట్టు ఉండేది. దానినిండా పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, కొన్ని వందలు, పగలంతా తలకిందులుగా వేలాడుతుండేవి. సాయంకాలం అవి ఒక్కటొక్కటిగా లేచి నది దాటిపోవడం చూడటానికి మొదట్లో మా ఆవిడా నేనూ నడిచి వెళ్లేవాళ్లం. అర్జీదారులు వందమందికి పైగా. ఎలుకకున్నట్లే గబ్బిలానికీ పురుగులుంటాయి, అవి రాలి పిల్లలమీద పడతాయి, కనుక చెట్టు కొట్టించాలి లేదా గబ్బిలాలను వెళ్లగొట్టించాలి అని దాని సారాంశం. చట్టం కూడా అడ్డుచెప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతోపాటు హానికర జీవుల పట్టికలో చేర్చింది. 2022 సవరణ దాకా ఆ పట్టిక అట్లాగే ఉన్నది. ఉత్తర్వు టైపు చేసి నా బల్లమీద పెట్టారు. సంతకమే తరువాయి. నెల రోజుల ముందైతే పెట్టి ఉండేవాడినే.

నేను మాస్టారికి కబురు పంపాను.

మేము పోయేనాటికి ముందురాత్రి గాలివాన కురిసింది. చెట్టుకింద ఒక పిల్ల గబ్బిలం పడి ఉన్నది. బతికే ఉన్నది గాని ఎంతోసేపు ఉండేటట్లు లేదు. మాస్టారు తోలు చేతితొడుగు వేసుకుని దానిని ఎత్తారు. (2018లో కోళికోడ్‌లో నిపా వ్యాధి కొన్ని ప్రాణాలు తీసిన తరువాత ఈ గబ్బిలాలలో ఆ వైరస్ ఉంటుందని అందరికీ తెలిసింది. అది గబ్బిలాలు కొరికిన పండ్ల వంటివాటి ద్వారా రాగలదు, పురుగుల వలన కాదు. ఏమైనా పడిన గబ్బిలాన్ని ఈనాడెవరూ ముట్టుకోవద్దని నా మనవి.) ఆయన దాని మెడ దగ్గరి గోధుమరంగు జుట్టును వేలితో విడదీయగానే సాలీడు వంటిదొకటి చకచక నడిచి చంక కిందికి దూరింది.

"సాలీడా మాస్టారూ?"

"కాళ్లు లెక్కపెట్టండి," అన్నారు. ఆరే. "ఇది ఈగ అండీ. రెక్కలు పోగొట్టుకున్న ఈగ."

గబ్బిలాలకు పేలు లేవని ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఇన్నిరకాల జంతువులమీద పేలుండగా గబ్బిలాలమీద మాత్రం లేవు. ఫ్లీలు కొన్ని గబ్బిలాలకు ఉన్నాయి. అవి ఎక్కువగా గుహలలోను, పాతగోడల సందులలోను ఉండి పురుగులను తినే చిన్న గబ్బిలాలమీద ఉంటాయి. అక్కడైతే రాలిన గుడ్లు కింది రెట్టలో పెరిగి, పిల్లలు గోడ పట్టుకుని పైకి రాగలవు. ఆరుబయట చెట్టుకొమ్మకు వేలాడే ఈ పెద్ద గబ్బిలాలకు ఫ్లీ కాపురం కుదరదు. అంత ఎత్తునుండి రాలిన గుడ్డు వానలో, ఎండలో ఏమి కావాలి? ఆ చిక్కును ఈ ఈగ వేరే విధంగా తీర్చుకున్నది. ఇది గుడ్లు పెట్టదు. ఒకసారికి ఒకే పిల్లను కడుపులో పెట్టుకుని, పాలవంటి ద్రవంతో అక్కడనే పెంచి, ఎదిగిన తరువాత గబ్బిలాన్ని విడిచి కొమ్మమీదికి వచ్చి బెరడుకు అంటిస్తుంది. వెంటనే తిరిగి గబ్బిలం జుట్టులోకి వెళ్లిపోతుంది. బెరడుకు అంటిన పిల్ల గట్టిపడి, కొన్ని వారాలకు ఈగయై, దగ్గరలోని గబ్బిలాన్ని వెదుక్కుంటుంది. మన పశువులమీద వాలి ఎంత విదిలించినా వదలని చదును ఈగలు కూడా ఇట్లాగే పిల్లను కడుపులో పెంచే కుటుంబంలోనివే.

నల్లికి కూడా గబ్బిలంతో చుట్టరికం ఉన్నది. నల్లి జాతులు మొదట గబ్బిలాల మీదనే పుట్టాయని చాలాకాలం అనుకున్నారు. 2019లో వెలువడిన ఒక పరిశోధన నల్లులు గబ్బిలాలకంటే ఎంతో ప్రాచీనమైనవని, సుమారు పదకొండున్నర కోట్ల సంవత్సరాల నాటివని తేల్చింది. అప్పుడు అవి ఎవరి రక్తం తాగేవో మాస్టారు ఉండి ఉంటే అడిగేవాడిని.

మాస్టారు ఆ ఈగను గాజుగొట్టంలో వేసి నా చేతికిచ్చారు. తల వీపుమీదికి మడిచి, ఒక గాడిలో పెట్టుకుని ఉన్నది. కుట్టవలసినప్పుడు మాత్రమే తల ముందుకు చాస్తుందట. రెక్కలు లేవు గాని, ఎగిరే ఈగలు తూకం నిలుపుకోవడానికి రెక్కల వెనుక ఉంచుకునే చిన్న గుబ్బలు మాత్రం ఇంకా ఉన్నాయి. "ఇది మనిషిని పట్టుకుంటుందా?" అని అడిగాను. నా అర్జీకి కావలసినది ఆ ఒక్క జవాబే. "పట్టుకోదు. గబ్బిలాన్ని విడిస్తే ఒకటి రెండు రోజులకంటే బతకదు. పిల్లలమీద రాలేది రెట్టలే గాని పురుగులు కావు," అన్నారు.

ఆ జవాబును యథాతథంగా ఫైలులో రాశాను. దానికింద, చెట్టు కింది బాట మీదుగా బడిపిల్లలు నడవకుండా దారి మళ్లించవచ్చుననీ, చెట్టు కొట్టవలసిన అవసరం కనబడలేదనీ రాసి సంతకం చేశాను. నాకు ఎలుకల విషయంలో టీ ఇప్పించిన పై అధికారి ఈసారి "మీరు మెత్తబడుతున్నారు" అని మాత్రం అన్నారు. అర్జీదారులలో కొందరు ఏడాదిపాటు నాతో సరిగా మాట్లాడలేదు. దారి మళ్లించడానికి నలభై మీటర్ల కంకర పట్టింది.

ఆ రోజు చెట్టుకింద జరిగిన మరొక సంగతి ఫైలులో రాయలేదు. మేము మాట్లాడుతుండగానే ఆ పిల్ల గబ్బిలం కన్నుమూసింది. మాస్టారు దానిని వేళ్లనడుమ ఒక పక్కగా పడుకోబెట్టారు. కొంతసేపటికి మరొక ఈగ, మేము చూడనిది, జుట్టులో నుండి బయటకు వచ్చి తోలు తొడుగు మీద నడిచింది. ఆగింది. మణికట్టు దాకా పోయి, అక్కడ నా స్నేహితుని చర్మం తగలగానే వెనక్కి తిరిగి, చచ్చిన గబ్బిలం దగ్గరకు వచ్చి, మరల ఆగింది. గాజుగొట్టం ఇంకొకటి ఉన్నది. మాస్టారు దానిని తీయలేదు. చేతిని అట్లాగే ఎత్తి మర్రిమానుకు ఆనించి పట్టుకున్నారు. ఈగ బెరడుమీదికి దిగి, పగుళ్లు దాటుకుంటూ పైకి నడవడం మొదలుపెట్టింది. పైన వందల గబ్బిలాలు రెక్కలు ముడుచుకుని నిద్రపోతున్నాయి. కళ్లకు ఆనినంతవరకు ఇద్దరం దానిని చూస్తూ నిలబడ్డాము. తరువాత ఆఫీసుకు ఆలస్యమవుతున్నదని జీపు డ్రైవరు హారను కొట్టాడు.